పాముల బజారుకు తాళం

అంగడిలో ఒక గాజుపెట్టె ఉన్నది. అందులో రెండడుగుల పాముపిల్ల చుట్టచుట్టుకుని పడుకున్నది. దాని గోధుమరంగు ఒంటిమీద ముదురు మచ్చలు తివాసీలో నేసిన పువ్వుల్లాగా ఉన్నాయి. దానికి విషం లేదు. అది కుక్కలాగా మొరగదు, పిల్లిలాగా పాలకోసం కాళ్ళకు అడ్డం పడదు. వారానికొక ఎలుకపిల్ల దొరికితే దానికి చాలు. వెల చూస్తే కొద్ది డాలర్లే. కుర్రవాడు తండ్రి చెయ్యి పట్టుకుని లాగుతాడు. తండ్రి ఆ పాముపిల్లను కొని ఇంటికి తీసుకుపోతాడు.

మన దేశంలో పామును చూసి దణ్ణం పెట్టేవాళ్ళున్నారు, కర్ర తీసేవాళ్ళూ ఉన్నారు. ఇంట్లో పెంచుకునేవాళ్ళు మాత్రం అరుదు. కాని అమెరికాలో పాములను పెంచటం చాలామందికి ఒక సరదా. ఆ సరదా చుట్టూ పెద్ద వ్యాపారం పెరిగింది. ఒక్క బర్మా కొండచిలువ సంగతే చూడండి. 1996 నుంచి 2006 వరకు దాదాపు 99,000 బర్మా కొండచిలువలు విదేశాలనుంచి అమెరికాకు దిగుమతి అయినాయి. ఇవిగాక, ఆ దేశంలోనే గుడ్లు పొదిగించి పిల్లలను అమ్మేవాళ్ళు వేరే ఉన్నారు.

బర్మా కొండచిలువ మన కొండచిలువకు దగ్గిర చుట్టం. అది మన దేశపు ఈశాన్య ప్రాంతాలు మొదలుకొని బర్మా, థాయ్‌లాండ్, వియత్నాం, దక్షిణ చైనా దాకా ఉంటుంది. అంగడిలో రెండడుగులున్న పిల్ల కొద్ది సంవత్సరాలలో పదడుగులు దాటుతుంది. బాగా పెరిగితే పదహారు, పధ్ధెనిమిది అడుగులు కూడా కావచ్చు. పైగా అది ఇరవై ఏళ్ళకు పైగా బతకగలదు. ఎలుకపిల్లతో తృప్తిపడినది కుందేళ్ళు కావాలంటుంది. గాజుపెట్టె చాలదు, గది కావాలి. అప్పటికి పామును కోరుకున్న కుర్రవాడు పెద్దవాడై చదువుకోసం మరొక ఊరు వెళ్ళిపోయి ఉంటాడు!

ఇప్పుడా పామును ఏం చెయ్యటం? పెద్ద పామును కొనేవాడు దొరకడు. జంతుప్రదర్శనశాల వాళ్ళు, "మా దగ్గిర ఇప్పటికే ఉన్నాయి," అంటారు. కొందరు ఒక రాత్రివేళ పామును కారులో పెట్టుకుపోయి, ఊరవతల నీళ్ళూ చెట్లూ ఉన్నచోట వదిలేసి, "పాపం, హాయిగా బతుకుతుంది," అనుకుంటూ తిరిగి వచ్చారు.

అది నిజంగానే హాయిగా బతికింది. కథంతా అక్కడే మొదలయింది.

గడ్డి ఏరులో కొత్త దొర

అమెరికాకు ఆగ్నేయమూల ఫ్లారిడా రాష్ట్రం ఉన్నది. దాని దక్షిణభాగంలో ఎవర్‌గ్లేడ్స్ అనే విశాలమైన చిత్తడినేల ఉన్నది. మైళ్ళ తరబడి గడ్డి, ఆ గడ్డిలోనుంచి చాలా నెమ్మదిగా పారే నీరు. అక్కడ చలి తక్కువ. ఆగ్నేయాసియానుంచి వచ్చిన కొండచిలువకు అది పుట్టింటిలాగే తోచి ఉండాలి.

1992 ఆగస్టులో ఆండ్రూ అనే తుఫాను దక్షిణ ఫ్లారిడామీద విరుచుకుపడింది. అందులో పాములను పెంచే ఒక కేంద్రం కూడా ధ్వంసమయి, పాములు బయటికి పోయాయి. అయితే అంతకుముందే ఎవర్‌గ్లేడ్స్‌లో అక్కడక్కడ కొండచిలువలు కనబడుతూ వచ్చాయి. 2000 నాటికి, అవి అక్కడ స్థిరపడి సంతానాన్ని పెంచుకుంటున్నాయని శాస్త్రజ్ఞులు గుర్తించారు.

ఆడ కొండచిలువ ఒక్కొక్క ఈతలో అనేక పదుల గుడ్లు పెడుతుంది. గుడ్లచుట్టూ చుట్టుకుని పడుకుని, కండరాలను వణికించి ఆ వేడితో వాటిని పొదుగుతుంది. తక్కిన పాములలో చాలావాటికి ఈ విద్య తెలియదు. నైరుతి ఫ్లారిడాలో పట్టుబడిన ఒక ఆడ కొండచిలువ పొడవు దాదాపు 18 అడుగులు, బరువు 98 కిలోలు. దాని కడుపులో 122 గుడ్లు తయారవుతున్నాయి. అటువంటి తల్లులు గడ్డిలో ఎన్ని దాగి ఉన్నాయో లెక్కపెట్టటం ఎవరివల్ల అవుతుంది? దాని ఒంటి మచ్చలు ఎండుగడ్డిలో ఎంతగా కలిసిపోతాయంటే, రెండడుగుల దూరంలో ఉన్నా మనిషికంటికి ఆనదు.

ఫలితం ఏమయిందో 2012లో వెలువడిన ఒక పరిశోధనలో తెలిసింది. శాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి రాత్రిళ్ళు ఎవర్‌గ్లేడ్స్ రోడ్లమీద కారులో నెమ్మదిగా పోతూ, కనబడిన జంతువులను లెక్కపెట్టారు. ఆ లెక్కలను కొండచిలువలు ఇంతగా పెరగకముందు, 1990లలో తీసిన లెక్కలతో పోల్చారు. రకూన్ అనే, ముఖానికి నల్లని గంతలు కట్టుకున్నట్టుండే జంతువు నూటికి 99 వంతులు తగ్గిపోయింది. ఒపోసమ్‌లు దాదాపు అంతే తగ్గాయి. బాబ్‌క్యాట్ అనే అడవిపిల్లులు నూటికి 87 వంతులు తగ్గాయి. చిత్తడికుందేళ్ళు అసలు కనబడనే లేదు.

చట్టాల వరస

ఇక ప్రభుత్వం ఊరుకోలేకపోయింది. ఫ్లారిడా 2008 నుంచి పెద్ద పాములను ఉంచుకునేవాళ్ళు అనుమతిపత్రం తీసుకోవాలన్నది. పాము చర్మంకింద గుర్తింపు చిప్ పెట్టించాలన్నది. 2010లో మరొక మెట్టు ఎక్కి, బర్మా కొండచిలువ వంటివాటిని కొత్తగా పెంపుడుపాములుగా కొనటాన్ని నిషేధించింది.

దేశానికంతటికీ వర్తించే చట్టం వేరే ఉన్నది. దాని పేరు లేసీ చట్టం, పుట్టినది 1900లో. హాని చేసే విదేశీ జంతువులను దిగుమతి చెయ్యరాదని ఆ చట్టం ఆనాడే చెప్పింది. అలా చెప్పిన మొదటి జాబితాలో మన ముంగిస పేరు ఉన్నది! మన దేశపు ముంగిసలను 1872లో జమైకాకు, అక్కడినుంచి 1883లో హవాయి దీవులకు తీసుకుపోయారు. చెరకుతోటల్లో ఎలుకలను పడతాయని వాళ్ళ ఆశ. అవి ఎలుకలతో ఆగక పక్షులనూ గుడ్లనూ తినసాగాయి. ఆ విధంగా పాముకు శత్రువైన ముంగిస 1900లోనే చట్టానికెక్కింది. బర్మా కొండచిలువ ఆ చట్టానికెక్కటానికి మరి 112 ఏళ్ళు పట్టింది.

2010లో ప్రభుత్వం తొమ్మిది జాతుల పెద్ద పాములను నిషేధించాలని ప్రతిపాదించింది. 2012లో బర్మా కొండచిలువతో సహా నాలుగింటిని నిషేధించింది. 2015లో మరి నాలుగింటిని చేర్చింది. తొమ్మిదోదైన బోవా పామును మాత్రం వదిలేసింది. అది అప్పటికే ఎన్నో ఇళ్ళలో పెరుగుతున్నది. ఇలా జాబితాకెక్కిన పామును విదేశాలనుంచి తేరాదు, ఒక రాష్ట్రంనుంచి మరొక రాష్ట్రానికి తీసుకుపోరాదు అన్నారు. తన రాష్ట్రంలో తన ఇంట్లో ఉంచుకోవటాన్ని మాత్రం ఈ చట్టం ఆపలేదు.

"చట్టం వచ్చింది. బజారు మూతపడింది. కథ కంచికి!" అనుకుంటున్నారా? అంత తేలికగా కంచికి పోయే కథ కాదిది.

ఒక లెక్క వేసి చూద్దాం

ఊహకోసం ఒక వ్యాపారి ఉన్నాడనుకోండి. అతని దగ్గిర 100 కొండచిలువ పిల్లలున్నాయి. ఒక్కొక్కటి 50 డాలర్లకు అమ్ముతున్నాడు. ప్రభుత్వం, "వచ్చే ఏడు ఈ పామును నిషేధించబోతున్నాం," అని ప్రకటించింది. అప్పుడు ఏం జరుగుతుంది?

మొదట జరిగేది తొందర. "మళ్ళీ దొరకదేమో," అని కొందరు ముందే కొనేస్తారు. నిషేధం వస్తుందన్న వార్తకూ అది అమలయ్యే రోజుకూ మధ్య ఉన్న కాలంలో కొన్ని వన్యప్రాణుల వ్యాపారం ఇంకా పెరిగిందని, అంతర్జాతీయ వ్యాపార లెక్కలు పరిశీలించినవాళ్ళు 2007లో చూపించారు. ఏ వ్యాపారాన్ని ఆపాలని చట్టం తలపెట్టిందో, చట్టం వస్తున్నదన్న వార్తే దానికి కొంతకాలం దోహదమయిందన్నమాట!

తరవాత నిషేధం అమలులోకి వస్తుంది. మన వ్యాపారి దగ్గిర ఇంకా 60 పాములు మిగిలాయనుకుందాం. పొరుగురాష్ట్రాలకు పంపటానికి వీల్లేదు. సొంత రాష్ట్రంలో కొనేవాళ్ళు పదిమందే ఉన్నారు. వెల యాభైనుంచి ఇరవైకి, ఇరవైనుంచి అయిదుకు పడిపోతుంది. చివరికి, "ఊరికే తీసుకుపోండి," అన్నా ఎవరూ రారు.

ఇక్కడే ఒక సంగతి గమనించాలి. గుడ్డలకొట్టులో గుడ్డలు అమ్ముడుపోకపోతే బీరువాలో పెట్టి తాళం వేసుకోవచ్చు. పాములను అలా పెట్టటానికి లేదు. అమ్మే దారి మూసుకుపోయినంతమాత్రాన పాము ఆకలి మూసుకుపోదు. ప్రతివారమూ వాటికి తిండి కావాలి, వెచ్చదనం కావాలి, శుభ్రం కావాలి. నిన్నటిదాకా ఆస్తిగా ఉన్న పాము ఇవాళ అప్పుగా మారుతుంది. నిజాయితీపరుడు నష్టపడి పోషిస్తాడు. నిజాయితీలేనివాడు రాత్రివేళ కారు తీస్తాడు. ఏ పనిని ఆపటానికి చట్టం వచ్చిందో ఆ పనే మళ్ళీ జరగవచ్చు!

ఫ్లారిడా అధికారులు ఈ ప్రమాదాన్ని ముందే ఊహించారు. 2006 నుంచి వాళ్ళు ఒక ఏర్పాటు చేశారు. పెంచలేకపోతున్న విదేశీ జంతువును ఎవరైనా తెచ్చి అప్పగించవచ్చు. ప్రశ్నలు లేవు, జరిమానా లేదు. పశువైద్యులు జంతువును పరీక్ష చేస్తారు. అనుమతీ అనుభవమూ ఉన్నవాళ్ళకు దాన్ని ఇస్తారు. తలుపు మూసేవాడు పక్కన ఒక కిటికీ తెరిచి ఉంచాలి. లేకపోతే లోపలివాళ్ళు గోడ పగలగొట్టుకుని పోతారు.

మూడోది, కోరిక పక్కదారి పట్టటం. పాము కావాలనుకున్నవాడు చట్టం రాగానే పూసలదండల వ్యాపారానికి పోడు. మరొక పామును వెతుకుతాడు. జాబితాలో లేని బోవా ఉన్నది. ఆఫ్రికానుంచి వచ్చే బంతి కొండచిలువ ఉన్నది. ఇది నాలుగయిదడుగులకు మించి పెరగటం అరుదు. భయపడితే తల లోపల దాచుకుని బంతిలాగా చుట్టుకుంటుంది. ఘానా, టోగో, బెనిన్ దేశాలనుంచి ఈ పాములు లక్షల సంఖ్యలో ఎగుమతి అయినాయి. అమెరికాలోనే వీటిని పెంచి తెల్లవీ, పసుపువీ, మచ్చలవీ రకరకాల రంగులు పుట్టించారు. ఒక కొత్తరంగు పాము మొట్టమొదట పుట్టినప్పుడు దాని ఖరీదు వేల డాలర్లు పలుకుతుంది. దాని పిల్లలు, పిల్లల పిల్లలు బజారు నిండగానే ఆ వెల పడిపోతుంది. ఒకచోట గండి పూడిస్తే నీరు మరొకచోట దారి చూసుకున్నట్టు, వ్యాపారం మరొక పాముమీదికి మళ్ళుతుంది. ఆ పాము హానిలేనిదైతే మేలే. అదీ హాని చేసేదైతే మళ్ళీ మొదటికి వస్తాం.

నాలుగోది, చాటు బజారు. కోరిక చావక, సరుకు దొరకకపోతే, దొంగతనంగా తెచ్చేవాడికి వెల పెరుగుతుంది. పట్టుబడే ప్రమాదానికి కూడా అతను వెల కడతాడు మరి!

ఒకే నిషేధం ఒకచోట వెల తగ్గిస్తుంది, మరొకచోట పెంచుతుంది. ఇది విచిత్రంగా ఉన్నా, లెక్కలో తప్పేమీ లేదు. బయటపడి అమ్మలేనిచోట వెల తగ్గుతుంది, చాటుగా కొనేవాడున్నచోట వెల పెరుగుతుంది.

ఒక్క మాట చేసిన పని

అమెరికాలో పాముల పెంపకందార్ల సంఘం ఊరుకోలేదు. న్యాయంగా పాములను పెంచి బతికే తమకు నష్టం కలిగిందని 2013లో దావా వేసింది. 2017 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు పాములమీద కాక, వ్యాకరణంమీద నడిచింది!

అమెరికా ప్రధానభూమి, రాజధాని జిల్లా, హవాయి, పోర్టోరికో మొదలైనవాటి "మధ్య" రవాణా చెయ్యరాదని చట్టంలో ఉన్నది. ఈ "మధ్య" అన్న మాటకు అర్థం ఏమిటి? ప్రధానభూమినుంచి హవాయికి పంపరాదని అర్థమే గాని, ప్రధానభూమిలోని ఒక రాష్ట్రంనుంచి పక్క రాష్ట్రానికి పంపరాదని అర్థం కాదు పొమ్మన్నది కోర్టు. దానితో, సొంత నిషేధాలు లేని రాష్ట్రాలమధ్య పాముల రవాణాకు మళ్ళీ దారి ఏర్పడింది. విదేశాలనుంచి తేవటంమీద నిషేధం మాత్రం అలాగే ఉన్నది. వ్యాకరణం ఎందుకని బద్ధకించే పిల్లలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

2021లో ఫ్లారిడా తన సొంత నిబంధనలు ఇంకా బిగించి, 16 జాతుల సరీసృపాలను నిషిద్ధజాబితాలో చేర్చింది.

మన సంగతి

ఇదంతా ఎక్కడో అమెరికాలో సంగతి అనుకోకండి. మన దేశంలో 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. దానిప్రకారం మన అడవిపాములను పట్టి ఇంట్లో పెంచుకోవటమూ, అమ్మటమూ నేరమయింది. అయితే, ఆ చట్టం ముఖ్యంగా మన దేశపు ప్రాణులను దృష్టిలో పెట్టుకున్నది. విదేశీ ప్రాణులమీద దాని చెయ్యి చాలాకాలం పడలేదు. కోరిక ఎటు మళ్ళి ఉంటుందో మీరే చెప్పగలరు. విదేశీ పాములమీదికే! బ్యాంకాక్‌నుంచి వచ్చే ప్రయాణికుల పెట్టెల్లో గుడ్డల మధ్య దాచిన బంతి కొండచిలువలను చెన్నై విమానాశ్రయంలో సుంకం అధికారులు అనేకసార్లు పట్టుకున్నారు. గాలి ఆడక, నీళ్ళు లేక, దారిలోనే చచ్చే ప్రాణులు ఎన్నో.

ఈ లోపాన్ని పూడ్చటానికి 2022లో చట్టాన్ని సవరించారు. అది 2023 ఏప్రిల్ 1నుంచి అమలులోకి వచ్చింది. అంతర్జాతీయ ఒప్పందం కింద ఉన్న విదేశీ ప్రాణులను ఉంచుకున్నవాళ్ళు ప్రభుత్వానికి తెలియజేసి నమోదు చేయించుకోవాలని 2024లో నియమాలు వచ్చాయి.

మన దేశంలోనే జరిగిన మరొక సంగతి ఉన్నది. తమిళనాడులో ఇరుళర్లు అనే గిరిజనులున్నారు. మట్టిమీద పాము పోయిన జాడ చూసి, అది ఏ పామో, ఎంతసేపటికిందట పోయిందో చెప్పగల నేర్పరులు వాళ్ళు. ఒకప్పుడు పాములను పట్టి, చర్మాలు వ్యాపారులకు అమ్మి బతికేవాళ్ళు. 1976లో పాముచర్మాల ఎగుమతిని నిషేధించారు. పాములకు మేలు జరిగింది. ఇరుళర్ల పొయ్యిలో పిల్లి లేవలేదు. అప్పుడు, 1978లో, చెన్నైకి సమీపంలో వాళ్ళ సహకారసంఘం ఏర్పడింది. పాములను చంపకుండా పట్టి, కొంతకాలం ఉంచి విషం తీసి, మళ్ళీ అడవిలో వదలటం వాళ్ళ కొత్త పని. ఆ విషంతోనే పాముకాటుకు మందు తయారవుతుంది. నిషేధం వాళ్ళ కూడు తీసేసింది. దాని పక్కనే మొదలైన కొత్త పని కూడు పెట్టింది. ఆ రెండో పని జరగకపోతే మొదటి చట్టం నిలిచేదో లేదో!

తమాషా ఏమంటే, 2017లో ఫ్లారిడావాళ్ళు ఇరుళర్లలో ఇద్దరిని సముద్రాలమీదుగా పిలిపించుకున్నారు. వాళ్ళు ఎవర్‌గ్లేడ్స్ గడ్డిలో దిగారు. రెండువారాలలోపే 13 కొండచిలువలను పట్టారు. వాటిలో ఒకటి 16 అడుగుల ఆడ పాము. అది పాడుపడిన క్షిపణికేంద్రంలో దాక్కుని ఉన్నది. అంతకుముందు, 2013లో ఫ్లారిడాలో ఒక పోటీ పెడితే, 1,600 మంది ఒక నెలరోజులు వెతికి 68 పాములనే పట్టగలిగారు. చదువురాని విద్య ఎంత గొప్పదో చూడండి.

2000 నుంచి ఇప్పటిదాకా ఫ్లారిడాలో 20,000కు పైగా కొండచిలువలను తొలగించారు. అయినా అవి పోలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఎంత పని అవుతుందో అంతే అవుతుంది. చట్టం చేసిన మేలు లేదని కాదు. ఎనిమిది జాతుల పాములు విదేశాలనుంచి రాకుండా ఆగాయి. మరొక కొండచిలువ మరొక చిత్తడినేలలో స్థిరపడే ప్రమాదం తగ్గింది. కాని, ఎవర్‌గ్లేడ్స్ చిత్తడికుందేళ్ళకు మాత్రం ఆ చట్టం ఆలస్యంగా వచ్చింది.

ఇక్కడ నేరం ఎవరిది? కొండచిలువది కాదు. దానికి ఆకలి వేసింది, తిన్నది. గాజుపెట్టె ముందు నిలబడి చెయ్యి లాగిన కుర్రవాడిది కూడా కాదేమో. అతనికి ఒక ప్రశ్న వెయ్యటం ఎవరూ నేర్పలేదు. "ఇది ఇరవై ఏళ్ళకు ఎంత అవుతుంది? అప్పుడు నేనెక్కడ ఉంటాను?" అన్నదే ఆ ప్రశ్న. పాముపిల్లకే కాదు, కుక్కపిల్లను తెచ్చుకునే ముందు కూడా ఈ ప్రశ్న వేసుకోవచ్చు. దానికి జవాబు చెప్పగలిగినవాడి ఇంటికి చట్టం రావలసిన అవసరమే ఉండదు.